ఇంకెక్కడో తెరిచే ఉంది

కార్నివాల్ పండగ వారంలో గురువారం పొద్దున నెల్వా ఆఫీసు తలుపు తీసి, కంప్యూటర్ వేసి, ఈమెయిల్ ప్రోగ్రాం మీద రెండుసార్లు నొక్కింది. ప్రోగ్రాం రాలేదు. తెర మధ్యలో చిన్న గడి ఒకటి లేచింది. "ఈ ప్రోగ్రాం ఇప్పటికే తెరిచి ఉంది. బదులు పలకడం లేదు. ముందు దాన్ని మూయండి."

మూయడానికి తెర మీద ఏమీ తెరిచి లేదు.

"మళ్లీ నొక్కు," అన్నాడు గుమ్మంలోంచి సెవేరో కోల్కే.

"నాలుగుసార్లు నొక్కా బాబాయ్."

"అయితే నొక్కడం రాదేమో."

సెవేరో క్వినోవా రైతుల సంఘంలో గిడ్డంగి చూసే మనిషి. అరవై మూడేళ్లవాడు. నడుముకి తాళంచెవుల గుత్తి, బుగ్గలో కోకా ఆకు, ఎవరి మాటా ఒక్కసారికి నమ్మని చూపు. పద్నాలుగు నెలల కిందటి వరకు నెల్వా కూర్చున్న కుర్చీలో అతని భార్య బసీలియా కూర్చునేది. ఆమె పోయాక సంఘం ఈ పిల్లని తెచ్చింది. కొండకి అవతలి ఊరి పిల్ల. ఆ ఊరికీ ఈ ఊరికీ పొలం గట్ల దగ్గర తాతలనాటి తగువు. సెవేరోకి అదొక్కటే చాలు. దానికి తోడు నెల్వా అన్న లారీ నడుపుతాడు. అదీ సంఘానికి పోటీగా పంట కొనే వర్తకుడి లారీ.

సాయంత్రం ఆరింటికి గడువు. సేంద్రియ పంట అని ధ్రువపత్రం ఇచ్చే కార్యాలయానికి అరవై రెండు కుటుంబాల పొలాల పటాలు పంపాలి. అందకపోతే ఈ ఏడు ధ్రువపత్రం లేదు. అది లేని పంట ఓడ ఎక్కదు. నెల్వా మూడు వారాలు కూర్చుని పటాలన్నీ ఉత్తరానికి జతచేసి, సగంలో ఉన్న ఉత్తరంగా ప్రోగ్రాంలోనే దాచింది. చివరి కుటుంబం పటం ఆ పొద్దునే చేతికొచ్చింది. అదొక్కటి జతచేసి పంపడమే మిగిలింది.

నెల్వా కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. అదే గడి లేచింది. తీగలన్నీ పీకి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ గుచ్చింది. అదే గడి.

అప్పుడు విల్బర్‌కి ఫోన్ చేసింది. విల్బర్ ఒరూరో పట్నంలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఫోను బల్ల మీద పెట్టి గొంతు అందరికీ వినపడేట్టు చేసింది.

"ఆపి వేశావా?"

"వేశా అన్నా. పీకి కూడా గుచ్చా."

"మొన్న చల్యా మొక్కులో దాని మీద ఎంత బీరు పోశారు?"

"దీని మీద పోయలేదు. కింద నేల మీద పోశా. పైన రంగుకాగితం కట్టా, అంతే."

"మంచిదానివి. పోయినేడు ఒకాయన కీబోర్డుకే పట్టించాడు. చూడూ, ఉత్తరాలన్నీ గోడకున్న పెట్టెలో ఉంటాయి కదా? అందులో ఉత్తరాల ఫోల్డరు తెరువు. అందులో తాళం పేరుతో చిన్న ఫైలు ఒకటి ఉంటుంది. ప్రోగ్రాం తెరిచినప్పుడు పుడుతుంది, మూసినప్పుడు పోతుంది. కరెంటు పోయినప్పుడో ఎప్పుడో అది పోకుండా ఉండిపోయి ఉంటుంది. దాన్ని చెరిపెయ్."

నెల్వా వెతికి పట్టుకుంది. చెరపబోయింది. ఇంకో గడి లేచింది. "చెరపడం కుదరదు. ఈ ఫైలుని మరొకరు వాడుతున్నారు."

గడిలో ఉన్నది విల్బర్‌కి చదివి వినిపించింది.

"అయితే అది ఉత్తినే ఉండిపోయింది కాదు," అన్నాడు. "నీ ఉత్తరాలు ఇంకెవరో తెరిచి కూర్చున్నారు నెల్వా. ఇప్పుడు. ఈ నిమిషాన."

వసారాలో అయిదారుగురు సభ్యులు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పటాలు వెళ్లాయో లేదో తెలుసుకుందామని వచ్చినవాళ్లు. వాళ్లూ విన్నారు. సెవేరో కోకా ఆకుని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చాడు.

"పెట్టెని ఆపేస్తే?" అంది నెల్వా.

"వద్దు. అవతలివాడు తెరిచి ఉండగా పెట్టె ఆపావంటే ఉత్తరాలు చెడిపోతాయి. నీ పటాలు కూడా. ముందు ఎవడో చూడు."

"ఫోన్లోంచి పంపడానికి లేదా?"

"ఉత్తరాలన్నీ కిందికి దింపుకుని ఆ పెట్టెలోనే దాచుకున్నారు మీరు. ఇంటర్నెట్‌లో ఏమీ లేదు. పైగా సంకేతపదం కావాలి. ఎవరు పెట్టారు?"

"బసీలియా పిన్ని."

"అడుగు మరి."

నెల్వా సెవేరో వైపు చూడకుండా చెప్పింది. "ఆమె లేదన్నా."

ఫోను పెట్టేశాక సెవేరో గది మధ్యకి వచ్చాడు.

"మరొకరు అంటే ఎవరు?"

"నాకేం తెలుసు బాబాయ్?"

"ఆ ఉత్తరాల గుట్టు తెలిసినదానివి నువ్వొక్కదానివే. అందులో ఎవరి పొలం ఎంత, ఎవరి గట్టు ఎక్కడ అన్నీ ఉన్నాయి. కొండవతల వాళ్లకి ఆ పటాలు దొరికితే పండగే. లారీ వర్తకుడికి దొరికితే రెండు పండగలు."

వసారాలోవాళ్లు ఇటు తిరిగారు.

"నేను ఎవరికో ఇచ్చానంటావా?"

"నేనేం అనలేదు. మీ అన్న కార్నివాల్‌కి లారీ ఎక్కడ ఆపాడో అడుగుతున్నానంతే."

"మా అమ్మ ఇంటి ముందు ఆపాడు. రంగుకాగితాలు కట్టి బీరు పోశాం. లారీకి ఈమెయిల్ లేదు బాబాయ్."

బెంచీ మీద ఒకాయన నవ్వబోయి సెవేరో మొహం చూసి మానేశాడు.

సెవేరో ఫోను తీసి, అందరూ చూస్తుండగా, సంఘం అధ్యక్షురాలికి చేశాడు. "వదినా, నువ్వు రావాలి. మన ఉత్తరాలు బయటివాళ్లు చదువుతున్నారు. తలుపు తీసినవాళ్లు ఇంట్లోనే ఉన్నట్టున్నారు." ప్రతి మాటా విడివిడిగా, వసారా చివరిదాకా వినపడేలా చెప్పాడు.

నెల్వా ఏమీ అనలేదు. కుర్చీని బల్లకి దగ్గరగా లాక్కుంది. తప్పు చేసినవాళ్లు ఇలాగే మాట్లాడకుండా ఉంటారని సెవేరో అనుకున్నాడు. మాట్లాడి ఉంటే, తప్పు చేసినవాళ్లే ఇంత మాట్లాడతారని అనుకునేవాడు.

అధ్యక్షురాలు ప్రిమితీవా మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. పొలం నుంచి నడిచి వచ్చింది. బసీలియాకి పెద్దనాన్న కూతురు, బసీలియాకన్నా పదేళ్లు పెద్ద. వీపుకి కట్టిన గళ్ల దుప్పటి విప్పి, అందులోంచి ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదిగో. ఉత్తరాలు తెరవగలిగింది ఇంకోటి ఇదే కదా. శనివారం నుంచి చార్జింగ్ లేక చచ్చి ఉంది. చూసుకోండి." బొత్తాం నొక్కి చూపించింది. ఏమీ వెలగలేదు. "ఇక చెప్పు సెవేరో, ఎవరి మీద నీ అనుమానం?"

"చెప్పాను కదా."

"నాకు చెప్పావు. పిల్లకి చెప్పావా?"

"ఆయన అందరికీ చెప్పాడు ప్రిమితీవమ్మా," అంది నెల్వా. "నాకు తప్ప."

ఆమె అప్పటికి గంట నుంచి గోడకున్న పెట్టె వైపే చూస్తోంది. అది రొట్టె అంత పెట్టె. వెనక నాలుగు తీగలు పట్టేందుకు చోటుంది. ఒక్కో తీగకి ఒక్కో పచ్చ దీపం.

"ఇటు రండి," అంది. "నా కంప్యూటర్ తీగ ఇది. దీపం కొట్టుకుంటోంది. సరే. ఈ రెండోది ఎందుకు కొట్టుకుంటోంది?"

ప్రిమితీవా వంగి చూసింది. రెండో పచ్చ దీపం గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది.

నెల్వా ఆ తీగని వేళ్లతో పట్టుకుని నడిచింది. తీగ గోడ వెంట పైకి పోయింది. కప్పు కింద దూలం పట్టుకుని వసారా దాటింది. నిల్వగది గోడలో చిన్న కన్నంలోంచి లోపలికి దూరింది.

"ఈ గదిలో ఏముంది బాబాయ్?"

"ఖాళీ గోనెలు. జల్లెడలు."

"ఇంకా?"

"బసీలియా వాడిన పాత కంప్యూటర్. అది చచ్చింది. ఆమె పోయాక ఎవరూ ముట్టలేదు."

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా సెవేరోకి జ్ఞాపకం రాలేదు. జ్ఞాపకం వచ్చాక మాట వెనక్కి తీసుకునే వీలు లేదు.

అది మొన్న మంగళవారం, చల్యా రోజు. ఎవరి గదికి వాళ్లు మొక్కు చెల్లించుకోవాలి. భూతల్లి పచమామకి బీరు, మిఠాయి, కోకా ఆకు. వస్తువులకి రంగుకాగితాలు. ఆ ఊళ్లో యంత్రాన్ని ఆపి ఉంచి మొక్కరు. నిద్రపోయేదానికి పోస్తే ఎవరు తాగుతారని అడుగుతారు. లారీ అయితే ఇంజన్ వేసి ఉంచుతారు. నీటి పంపు తిరుగుతూ ఉంటుంది. కంప్యూటర్ వెలుగుతూ ఉండాలి. గిడ్డంగి మనిషి కాబట్టి నిల్వగది సెవేరోది. మిగతావాళ్లు పెరట్లో డప్పు కొడుతుంటే అతను ఒక్కడే లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. గోనెలకి పోశాడు. జల్లెడలకి పోశాడు. మూలన గుడ్డ కప్పిన కంప్యూటర్ మిగిలింది. గుడ్డ తీశాడు. బొత్తాం నొక్కాడు. అది ముక్కుతూ మూలుగుతూ లేచింది. బసీలియా ఎప్పుడో అమర్చినట్టే ఈమెయిల్ దానంతట అది తెరుచుకుంది.

సీసా అయిపోయేదాకా అతను అక్కడే కూర్చున్నాడు. ఆపైన తెర కింది బొత్తాం నొక్కాడు. తెర నల్లబడింది. ఆగిపోయిందనుకున్నాడు. బయటికి వచ్చి తాళం వేసి, తలుపుకి అడ్డంగా రంగుకాగితాల తోరణం కట్టాడు. కార్నివాల్‌ని ఆదివారం మట్టిలో పూడ్చి పండగ ముగించేదాకా అలా కట్టిన తోరణం ఎవరూ తెంపరు.

తెర ఆపితే కంప్యూటర్ ఆగదని పదకొండేళ్లు బసీలియా చెప్పింది. అతను వినలేదు.

"తలుపు తీస్తావా?" అంది ప్రిమితీవా.

"ఆదివారం తీస్తా."

"ఆరింటికి గడువు సెవేరో."

"తోరణం కట్టి ఉంది వదినా. తెంపితే ఏడాదంతా గిడ్డంగికి మంచిది కాదు. నీకు తెలీదా?"

"నాకు తెలుసు. ఆ కార్యాలయం వాళ్లకి తెలీదు."

"లోపల ఏమీ లేదంటున్నాగా."

నెల్వా తలుపుకి చెవి ఆనించింది. చేత్తో అందర్నీ ఊరుకోమంది. రేకు కప్పు మీద గాలి శబ్దం తగ్గాక చెప్పింది.

"గరగరమంటోంది."

"ఎలుకలు."

"ఎలుకలకి ఫ్యాను ఎవరు పెట్టారు బాబాయ్?"

బెంచీ మీద ఆయన ఈసారి నవ్వాడు. మిగతావాళ్లు నవ్వలేదు. వాళ్ల కళ్లు నెల్వా మీంచి లేచి సెవేరో మీద వాలడం అతనికి తెలిసింది. ఒకామె పక్కామెతో గొంతు తగ్గించి అంది. "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" పక్కామె అంతకన్నా తగ్గించి అంది. "ఒక్కటే చెవి. మొలకే కట్టుకు తిరుగుతాడు." ఇంకొకాయన, రోజూ సెవేరోతో కోకా సంచి మార్చుకునేవాడు, జరిగి కూర్చున్నాడు. ఊళ్లో నలభై ఏళ్లు అందర్నీ ఎలా చూశాడో, అందరూ ఇప్పుడు అతన్ని అలా చూస్తున్నారు. అది ఎలా ఉంటుందో అతనికి అంతకుముందు తెలీదు.

చెప్పేయొచ్చు. నేనే వేశాను, ఆపడం రాలేదు, అంటే అయిపోతుంది. కానీ లోపల కంప్యూటర్ ఒక్కటే లేదు. అది వీళ్లు చూడకూడదు.

"నేనొక్కణ్ణే వెళ్లి చూసొస్తా," అన్నాడు.

"కుదరదు," అంది నెల్వా. "నువ్వు లోపల ఏం మూశావో, ఏం దాచావో రేపు ఎవరు చెప్తారు? అప్పుడు మళ్లీ నా పేరే వస్తుంది. నేనూ వస్తా."

"నాతో ఇలా మాట్లాడకు అమ్మాయ్."

"పొద్దున్నుంచి నువ్వు మాట్లాడిందే నేను నేర్చుకున్నా."

ప్రిమితీవా ఫోను చూసుకుంది. అయిదు కావస్తోంది. "సెవేరో, తాళం నువ్వు తీస్తావా, గడ్డపార తెప్పించమంటావా?"

అతను తోరణాన్ని తెంపలేదు. ముడి విప్పాడు. అతనే వేసిన ముడి, తాగి వేసిన ముడి, విప్పడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం రాలేదు.

తలుపు తెరిచాక పులిసిన బీరు వాసన కొట్టింది. మూలన కంప్యూటర్ గరగరమంటోంది. నల్లటి తెర చుట్టూ రంగుకాగితాలు. దాని నెత్తిన బసీలియా టోపీ, గోధుమరంగు గుండ్రటి టోపీ, మొన్న కార్నివాల్‌కి ఆమె ఉంటే పెట్టుకోవాల్సినది. కుర్చీ వీపుకి ఆమె శాలువా, రెండు కొసలూ ముందుకి లాగి, మనిషి భుజాల మీద ఉన్నట్టు పిన్నుతో కలిపి ఉంది. కుర్చీ ముందు రెండు గ్లాసులు. ఒకటి ఖాళీ. ఒకటి నిండుగా ఉంది, పైన నురగ ఎండిపోయింది.

ప్రిమితీవా గుమ్మంలోనే ఆగిపోయి సిలువ గుర్తు వేసుకుంది. వెనక నుంచి తొంగిచూసిన సభ్యులు ఒకరొకరే వెనక్కి తగ్గారు.

నెల్వా శాలువా తగలకుండా కుర్చీ పక్కనుంచి వెళ్లి తెర బొత్తాం నొక్కింది. తెర వెలిగింది. ఈమెయిల్ తెరిచే ఉంది. పంపిన ఉత్తరాల గూడు. అన్నీ బసీలియా రాసినవి. మధ్యలో ఒక ఉత్తరం విప్పి ఉంది. "గోనెలు నలభై అందాయి. దారం రాలేదు. సూదులు కూడా పంపండి. బసీలియా."

"ఇదా?" అంది నెల్వా. "దీనికోసమా నన్ను దొంగని చేశావు?"

"నేను ఆపాననుకున్నా."

"తెర ఆపావు."

"నాకు తెలీదు."

"తెలియకపోవడం తప్పు కాదు. అందరి ముందు అడిగావు చూడూ, మా అన్న లారీ ఎక్కడ ఆపాడని. అప్పుడు నీకు తెలీదన్న సంగతి తెలీలేదా?"

సెవేరో కంప్యూటర్ మీంచి బసీలియా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మూయి," అంది నెల్వా.

"నువ్వే మూయి. నాకు రాదు."

"నేను ముట్టను. రేపు ఇందులో ఏ ఉత్తరమో కనపడలేదంటావు. పైన కుడి మూలలో గుర్తుంది. దాని మీదికి తెచ్చి నొక్కు. ఒక్కసారి చాలు."

అతను మౌస్ పట్టుకున్నాడు. బాణం గుర్తు మీదికి పోయి దాటిపోయింది. వెనక్కి తెచ్చాడు. సూదులు కూడా పంపండి అన్న వాక్యాన్ని ఇంకోసారి చదివాడు. బతికున్నప్పుడు కూడా ఆమె అంతకన్నా ఎక్కువ మాట్లాడేది కాదు. నొక్కాడు. ఉత్తరాలు పోయి ఖాళీ నీలిరంగు మిగిలింది.

నెల్వా అప్పటికే పరిగెత్తింది. ఆఫీసులోంచి ఆమె గొంతు వినపడింది. "వచ్చింది ప్రిమితీవమ్మా. పటాలు ఉన్నాయి. అరవై ఒకటీ ఉన్నాయి." అరవై రెండోది జతచేసి పంపేసరికి అయిదూ ఇరవై ఆరు అయింది. పది నిమిషాల్లో అవతలి నుంచి అందిందని జవాబు వచ్చింది. వసారాలో వాళ్లు లేచి, దుమ్ము దులుపుకుని, సెవేరోతో మాట్లాడకుండా ఇళ్లకి పోయారు.

అందరూ వెళ్లాక అతను ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. పొద్దున నిలబడ్డ చోటే.

"అమ్మాయ్, ఏదో నోరు జారింది."

నెల్వా కంప్యూటర్ ఆపుతోంది. పూర్తిగా ఆగేదాకా ఆగి, అప్పుడు తల తిప్పింది.

"నాకు చెప్పకు. నువ్వన్నప్పుడు వసారా నిండా మనుషులున్నారు. ఇప్పుడు చూడు, ఎవరూ లేరు."

"ఇంకేం చెయ్యమంటావు?"

"ఆదివారం సభ ఉంది. అక్కడ చెప్పు."

"టోపీ సంగతి కూడానా?"

"టోపీ నాకు అక్కర్లేదు. నా పేరు తిరిగివ్వు. చాలు."

ఆదివారం సంఘం పెరట్లో సభ జరిగింది. కార్నివాల్‌ని పూడ్చడానికి ముందు పెట్టుకునే సభ. అరవై రెండు కుటుంబాలూ వచ్చాయి. ప్రిమితీవా ధ్రువపత్రం సంగతి చెప్పి, ఇంకెవరన్నా మాట్లాడతారా అంది. సెవేరో లేచాడు. తన టోపీ తీశాడు.

"గురువారం నెల్వాని అనుమానించి మాట్లాడాను. పాత కంప్యూటర్ వేసింది నేను. ఆపకుండా వదిలింది నేను. ఆమె తప్పు ఏమీ లేదు."

కూర్చున్నాడు. అంతకన్నా పొడుగు మాట అతనికి రాదు. ఎవరో దగ్గారు. ఎవరూ పోనీలే అనలేదు.

నెల్వా సభ పుస్తకంలో రాస్తోంది. ఆమె తల ఎత్తలేదు. సభ అయ్యాక మాట్లాడినవాళ్లందరూ వరసలో వచ్చి తాము చెప్పినదాని కింద సంతకం పెట్టాలి. సెవేరో వంతు వచ్చింది. అతని నాలుగు మాటలూ అక్కడ ఉన్నాయి. ఒక్క అక్షరం ఎక్కువ లేదు, తక్కువ లేదు. కింద గీత గీసి ఉంది. అదే పుస్తకంలో ముందు పేజీల్లో బసీలియా చేతిరాత ఉంటుందని అతనికి తెలుసు. పేజీ తిప్పలేదు.

"ఇక్కడ పెట్టండి సెవేరో గారూ," అంది నెల్వా, కలం అందిస్తూ.

పద్నాలుగు నెలలుగా ఆమె అతన్ని బాబాయ్ అనే పిలిచేది. అతను సంతకం పెట్టి కలం తిరిగి ఇచ్చాడు. వెనక నిలబడ్డాయన ముందుకి జరిగాడు.